మూడు గంటల కచేరీ

"పాసులొచ్చాయా?"

బుధవారం సాయంత్రం బూట్లు విప్పుకుంటూ ఆయన అడిగే మొదటి మాట అదే. మంచినీళ్ళు అడగడు, టీ అడగడు. అవి అడక్కుండానే చేతికొస్తాయి. పాసులు మాత్రం ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంటాయి, భార్య హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టడం మర్యాద కాదని ఆయన నమ్మకం. అలాంటి మర్యాదలు ఆయన దగ్గర చాలానే ఉన్నాయి. వాటివల్ల తనకి ఒరిగిందేమిటో ఇన్నేళ్ళలో ఆమెకి అంతుపట్టలేదు.

ఆమె ఊళ్ళో వచ్చే ఒక చిన్న దినపత్రికలో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. 'ఈ వారం ఊళ్ళో' అని గురువారం పేపర్లో ఒక కాలమ్ వస్తుంది. ఏ రోజు ఎక్కడ కచేరీ, ఎక్కడ నాటకం, ఏ లైబ్రరీలో పుస్తకావిష్కరణ, ఏ పార్కులో పిల్లలకి బొమ్మల పోటీ, ఏ కాలనీవాళ్ళు రక్తదానం పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. పద్దెనిమిదేళ్ళుగా అది రాస్తున్నది ఆమే. కింద పేరుండదు. పేరు పెట్టేంత రాత అందులో ఏముందని మొదట్లోనే అనేశారు, ఆమె కూడా నిజమే కదా అనుకుంది. ఆఫీసులో గుమాస్తా నుంచి ఎడిటర్ దాకా అందరూ ఆమెని 'ఈవారం మేడం' అంటారు.

కార్యక్రమాలు జరిపేవాళ్ళు మర్యాదకి ఆఫీసుకి రెండేసి పాసులు పంపుతారు. అవి ఆమె పేర వస్తాయి, ఆమె బ్యాగులో ఇంటికి వస్తాయి, ఆయన జేబులో హాలుకి వెళ్తాయి. ఒకటి ఆయనకి, రెండోది ఆయన ఆఫీసు స్నేహితుడికి. ఇద్దరూ రెండో వరుసలో కూర్చుంటారు. ఊళ్ళో ఆయనకి కళాభిమాని అని పేరు. ఒక ఏడాది నాటకాల పోటీలకి ఆయన్ని ప్రేక్షకుల తరఫున న్యాయనిర్ణేతగా కూడా కూర్చోబెట్టారు. ఆ రోజు ఆయన చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించుకున్నాడు, రెండుసార్లూ ఆమె చేతే.

ఆమె ఇంతవరకు ఒక్కదానికీ వెళ్ళలేదు. టౌన్ హాల్లో నాలుగువందల ఇరవై కుర్చీలున్నాయనీ, ఎడమవైపు మూడో ఫ్యాను కిర్రుమంటుందనీ, తెర లాగేటప్పుడు ఒక పక్క పట్టేస్తుందనీ ఆమెకి తెలుసు. ఎవరైనా ఫోను చేసి పార్కింగు ఎక్కడంటే గడగడా చెప్పేస్తుంది. అన్నీ విని తెలుసుకున్నవే. ఊళ్ళో కళ అంతా సాయంత్రం ఆరున్నరకి మొదలవుతుంది, ఆమె ఇంట్లో ఆరున్నరకి ఎప్పుడూ ఏదో ఒకటుంది. మొదట మామగారి మందులు. తర్వాత కూతురి చంటితనం, ఆపైన హోంవర్కులు. కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో చేరి చదువుకుంటోంది, ఇక ఊపిరి పీల్చుకోవచ్చు అనుకునేలోపు అత్తగారికి ఈ జబ్బు మొదలైంది. పగలంతా ఆవిడ తన అన్నం తాను తిని, తన మంచం తాను సర్దుకుని, పత్రికలో రాశిఫలాలు చదివి నవ్వుకునే మనిషే. పొద్దు వాలిందంటే చాలు, ఇది ఎవరిల్లు, నేనిక్కడ ఎందుకున్నాను అని మొదలుపెడుతుంది. ఒకసారి ఆమె ఫార్మసీకి వెళ్ళి అరగంటలో తిరిగొచ్చేసరికి ఆవిడ చెప్పులు కూడా లేకుండా మెయిన్ రోడ్డు మీద నిలబడి, తనకి పన్నెండేళ్ళప్పుడు చదివిన బడికి దారి అడుగుతోంది. ఆ సాయంత్రం ఆయన ఏమీ అరవలేదు. "నీ మీద వదిలేసి వెళ్తున్నాను కదా," అన్నాడు అంతే. అరిచి ఉంటే బాగుండేది.

ఈ బుధవారం ఆయన పాసులడిగితే ఆమె అత్తగారి పక్క దుప్పటి మారుస్తూ, "ఈ వారం పాసులున్నవేం లేవండీ," అంది.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. శుక్రవారం టౌన్ హాల్లో ఒక పాట కచేరీ ఉంది, ప్రవేశం ఉచితం. ఉచితం కాబట్టి పాసుల్లేవు. ఆయన కాలమ్ చదవడు. ఇంట్లో మనిషి రాసిందాన్ని పనిగట్టుకుని చదవడమేమిటి, అడిగితే చెబుతుంది కదా అంటాడు. ఆయన అడిగింది పాసుల గురించి. ఆమె చెప్పింది పాసుల గురించి. పెళ్ళయ్యాక ఆయనకి తెలియకుండా ఆమె దాచుకున్నది బహుశా ఇదొక్కటే.

ఆ కబురు మంగళవారం ఫోనులో వచ్చింది.

"కచేరీ ఒకటుందమ్మా. రాసుకుంటావా?" అంది ఒక ముసలి గొంతు.

ఆమెకి ఆ మొదటి రెండు మాటల్లోనే తెలిసిపోయింది. పాటల టీచరమ్మ. ఇరవై నాలుగేళ్ళ కిందట వేరే ఊళ్ళో, మేడ మీద గదిలో, పన్నెండుమంది పిల్లలకి పాట నేర్పిన మనిషి. అందులో ఆమెని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని వేదికలెక్కించింది. టీచరమ్మ పాడుతుంటే, ఆవిడ ఊపిరి తీసుకునే చోట ఈమె గొంతు అందుకోవాలి. పాట తెగకూడదు, గొంతు మారిన సంగతి వినేవాళ్ళకి తెలియకూడదు. అది చెప్పినంత తేలిక కాదు. అవతలి మనిషి ఊపిరి ఎప్పుడు అయిపోతుందో ముందే తెలియాలి. టీచరమ్మ ఆమెని పేరుపెట్టి పిలిచేది కాదు. "ఏదీ, నా రెండో గొంతు ఎక్కడ?" అనేది. పెళ్ళి కుదిరిందని చెప్పిన రోజు ఆవిడ ఏడవలేదు, వద్దనలేదు. "పాడకపోయినా ఫరవాలేదు. ఎప్పుడైనా నేను పాడుతుంటే వచ్చి ముందు కూర్చో. నువ్వు ఎదురుగా ఉంటే నాకు ఊపిరాడుతుంది," అంది.

అత్తవారింట్లో పాటని ఎవరూ నిషేధించలేదు. ఆ మాట ఆమె ఎవరితో చెప్పుకున్నా తప్పు చెప్పినట్టే అవుతుంది. "ఇంట్లో పాడుకో, ఎవరొద్దన్నారు," అన్నాడు ఆయన కొత్తలోనే. వంటింట్లో పాడుకుంది. "కుక్కరు ఎన్ని కూతలేసిందో వినపడటం లేదమ్మాయ్," అన్నారు మామగారు. అప్పటికి ఆపింది. మళ్ళీ ఎప్పుడో మొదలుపెడితే పాప లేచింది. ఇంకోసారి ఆయన ఫోన్లో ఉన్నాడు. అలా ఎవరూ ఆపమనకుండానే ఆగిపోయింది. ఫలానా రోజు మానేశాను అని చెప్పుకోవడానికి ఆమెకి ఒక తేదీ కూడా మిగల్లేదు.

"చివరి కచేరీ అని రాయమ్మా," అంది ఫోనులో టీచరమ్మ. "గొంతుకి ఇక సెలవిచ్చెయ్యమన్నాడు డాక్టరు. మీ ఊళ్ళో ఎప్పుడూ పాడలేదు, అక్కడ పాడి ఆపేద్దామని. శుక్రవారం, టౌన్ హాలు, ఆరున్నర. రాసుకున్నావా?"

"రాసుకున్నానండీ."

ఆ పనికి ఒక పద్ధతుంది. ఫోనులో విన్నది కాగితం మీద రాసుకున్నాక, వారం, వేళ, స్థలం అవతలివాళ్ళకి మళ్ళీ చదివి వినిపించాలి, ఔననిపించుకోవాలి. పద్దెనిమిదేళ్ళలో ఆమె అది ఒక్కసారి కూడా మానలేదు, అందుకే ఆ కాలమ్‌లో ఒక్క తప్పు రాలేదు. ఆ రోజు చదవబోయి ఆగింది. నేనేనండీ, మీ రెండో గొంతుని అని చెబితే టీచరమ్మ ఏమంటుంది? వస్తున్నావా అంటుంది. శుక్రవారం ఆరున్నరకి వస్తున్నావా అంటే ఏం చెప్పాలి? ఆమె ఇలా నీళ్ళు నములుతుండగానే అవతల, "సరేనమ్మా, చల్లగా ఉండు," అని ఫోను పెట్టేశారు.

కాగితం మీద చూసుకుంటే తన చేతిరాతే ఉంది. శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు, టౌన్ హాలు.

మూడు గంటలు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. రెండింటికి ఆఫీసు అయిపోతుంది. అత్తగారు రెండున్నరకి పడుకుంటే నాలుగున్నర దాకా లేవదు. లేచినా పొద్దు వాలేదాకా ఆవిడ మామూలు మనిషే, ఫ్లాస్కులో టీ పోసి పెడితే తాగుతుంది. మూడింటి నుంచి ఐదింటి దాకా కచేరీ, ఐదింటికి బస్సు, ఐదున్నరకి ఇల్లు. చీకటి పడేలోపు ఇంట్లో ఉంటుంది, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. మూడు రోజుల పాటు ఆమె బియ్యం కడుగుతూ, ప్రూఫులు దిద్దుతూ, బస్సులో వేలాడుతూ ఆ లెక్కే మళ్ళీమళ్ళీ వేసుకుంది. ఎక్కడా తప్పు తగల్లేదు. తను విన్నది వేరేమో అన్న అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు. తన కాగితం మీద ఉంటే అది ఊరికంతటికీ నిజమే, పద్దెనిమిదేళ్ళుగా అంతే కదా.

శుక్రవారం రెండింటికి ఆఫీసు బాత్‌రూములో బట్టలు మార్చుకుంది. పొద్దున బ్యాగులో మడిచి తెచ్చుకున్న నీలం రంగువి. తల దువ్వుకుని అద్దంలో చూసుకుంటే మనిషి కొంచెం నయంగానే కనిపించింది. మూడుకి పదినిమిషాలుండగా టౌన్ హాలు దగ్గర బస్సు దిగింది.

హాలు తలుపులకి తాళం వేసి ఉంది. మెట్ల మీద ఆడవాళ్ళున్నారు.

ఒకరిద్దరు కాదు. పైమెట్టు నుంచి కింద గేటు దాకా ఎక్కడ నీడ ఉంటే అక్కడ నిలబడ్డారు, కూర్చున్నారు. ఒకామె చేతిలో కూరగాయల సంచీ ఉంది. ఒక నర్సు డ్యూటీ బట్టలతోనే వచ్చింది. ఒక బడి టీచరు ఒళ్ళో దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుంది. ఒక పెద్దావిడ పేపర్లో ఆ ముక్కని కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు పెట్టెలో భద్రంగా తెచ్చుకుంది. ఆమె ఊరికే లెక్కపెట్టింది. ముప్పై నాలుగు మంది. మగవాళ్ళు ఒక్కరు కూడా లేరు.

"మూడింటికని చూసి నమ్మలేదండీ, రెండుసార్లు చదువుకున్నాను," అంటోంది సంచీ ఆమె. "ఇన్నాళ్ళకి మనకి కుదిరే వేళకి పెట్టారే అనుకున్నా."

"ఎవరో ఆడమనిషే పెట్టించి ఉంటుంది లెండి," అంది నర్సు. "మగాళ్ళకి ఇది తడుతుందా. నేను మధ్యాహ్నం డ్యూటీ ఇంకొకామెతో మార్చుకుని వచ్చాను."

"మా ఆయనకి ఊళ్ళో లేని పెళ్ళొకటి చెప్పాను," అంది బడి టీచరు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంతమంది తన కాలమ్ చదువుతారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు, ఒంట్లో ఏదో వెచ్చగా అనిపించింది. అప్పుడే పక్క గదిలోంచి వాచ్‌మన్ వచ్చాడు.

"ఏంటమ్మా అందరూ ఇలా వచ్చారు? కచేరీ ఆరున్నరకి. అదిగో, తలుపు మీద అంటించారుగా, చూసుకోవాలి."

తలుపు మీద పోస్టరుంది. టీచరమ్మ ఫొటో ఉంది, జుట్టంతా తెల్లబడింది. కింద ఎర్రటి అక్షరాల్లో సాయంత్రం ఆరున్నర అని ఉంది. అది చదవగానే ఫోనులో విన్న మాట ఆమె చెవిలో మళ్ళీ మోగింది. శుక్రవారం, టౌన్ హాలు, ఆరున్నర. స్పష్టంగా అంది. ఆమె స్పష్టంగా విన్నది. విని, మూడు అని రాసింది. తన చెయ్యి తనని అడక్కుండా రాసేసింది.

"ఆ పేపర్లో రాసినవాడికి బుద్ధుండక్కర్లేదూ," అంది సంచీ ఆమె. వాడు అనే అంది. నర్సు ఇంకా గట్టి మాటే అంది. నేనే రాశానని చెప్పడానికి నోరు రాలేదు, చెప్పకుండా అక్కడ నిలబడటానికి సిగ్గేసింది. ముప్పై నాలుగు మందిని తన అత్యాశతో ఎండలోకి లాక్కొచ్చి మెట్ల మీద నిలబెట్టింది.

"పోనీ ఆరున్నరకి మళ్ళీ వస్తారా ఎవరైనా?" అని అడిగింది కత్తిరింపు తెచ్చుకున్న పెద్దావిడ.

ఒకామె గడియారం చూసుకుంది. బడి టీచరు పేపర్ల కట్ట చంకలో పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు గేటు దాటి వెళ్ళిపోయారు. పెద్దావిడ ఆ కాగితం ముక్కని మళ్ళీ నాలుగు మడతలే పెట్టి కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది. మూడూ నలభైకి మెట్ల మీద ఆమె ఒక్కతే మిగిలింది.

"పాడే ఆవిడ ఎప్పుడొస్తారు?" అని వాచ్‌మన్‌ని అడిగింది.

"మైకులు చూసుకోవడానికి ఆరింటికొస్తారటమ్మా."

ఆరింటికి ఆమె ఇంట్లో లైట్లన్నీ వేసి ఉండాలి. చీకటి మూలలంటే అత్తగారికి భయం.

బస్సులో నిలబడే ఆయనకి ఫోను చేసింది. ఏదైనా అడగడానికి ఆఫీసు వేళలో ఆయనకి ఫోను చెయ్యడం చాలా ఏళ్ళ తర్వాత ఇదే. మాటలు ముందే కూర్చుకుంది. ఈ ఒక్క సాయంత్రం కాస్త త్వరగా వచ్చి అత్తయ్య దగ్గర కూర్చోండి, నాకు పనుంది. అంతే.

"ఇవాళా? ఇవాళ అస్సలు కుదరదోయ్," అన్నాడాయన. "టౌన్ హాల్లో ఎవరో పెద్దావిడ చివరి కచేరీ అట, మావాడు సీట్లు ఆపి పెట్టాడు. ఇటునుంచి ఇటే వెళ్తున్నాం. అవునూ, ఈ వారం ఏం లేవన్నావు?"

"పాసులున్నవి లేవన్నానండీ." ఆమె గొంతు సవరించుకుంది. "నేనూ దానికే వెళ్దామనుకున్నాను."

ఆయనకి కోపం రాలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నువ్వా? అదేంటి, చెప్పొద్దూ ముందే. చెబితే ఏదో చూసేవాళ్ళం. ఇప్పుడు అప్పటికప్పుడంటే అమ్మనెవరు చూస్తారు? పోనీలే, వచ్చేవారం ఇంకోటి ఉంటుంది. నీ కాలమ్‌లోనే వస్తుందిగా."

ఇంకోటి ఉండదని, ఇదే ఆఖరని, ఆవిడెవరో తెలుసా అని చెప్పాల్సింది. బస్సు కిక్కిరిసి ఉంది, పక్కావిడ మోచెయ్యి పొట్టలో గుచ్చుకుంటోంది, ఇరవై నాలుగేళ్ళ సంగతి బస్సు కమ్మీ పట్టుకుని ఎలా మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. అయినా చెప్పి ఏం లాభం. ఆయన చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. ఆయనకి నిజంగానే తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు, తెలియజెప్పే వేళ ఆమెకి ఎప్పుడూ దొరకలేదు. "సరేనండీ," అంది.

పక్కింటివాళ్ళ తలుపు కూడా తట్టింది. పక్కింటి అమ్మాయి పాపం మంచిదే. "ఆంటీ, సాయంత్రం పూట నావల్ల కాదు, పోయినసారి నన్ను చూసి దొంగ అని ఒకటే కేకలు," అంది. తప్పు పట్టడానికి లేదు. ఇంట్లోకొచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. అత్తగారు టీ తాగుతూ, "నీలం బట్టలు కట్టుకున్నావు, ఎక్కడికమ్మాయ్?" అంది.

"ఎక్కడికీ లేదత్తయ్యా."

"ఎక్కడికైనా వెళ్ళాలంటే వెళ్ళిరా. నేనేం చిన్నపిల్లనా." ఆవిడ నిజంగానే అంది, ముఖమంతా తేటగా ఉంది. ఐదుంబావు. ఆ మాట పట్టుకుని ఆమె లేచి నిలబడింది కూడా. బయటినుంచి గొళ్ళెం పెట్టి వెళ్తే? రెండు గంటలే కదా. తలుపు వెనక ఆవిడ చీకట్లో తలుపు బాదుతూ నిలబడితే? అనుకోగానే మళ్ళీ కూర్చుంది. ఆరయ్యేసరికి అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "మా అమ్మ ఇంకా రాలేదేం?" అనడం మొదలుపెట్టింది.

ఆరున్నర అయింది. ఒక చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. టీచరమ్మ ఎప్పుడూ మొదట ఒకే పాట ఎత్తుకునేది. గోడ గడియారం చూస్తూ ఆమె ఆ పాట మనసులో నడిపించింది. మొదటి పొడుగు పంక్తి అయిపోవస్తోంది, ఇదిగో ఇక్కడ ఆవిడకి ఊపిరి చాలదు. ఆమె నోటివెంట ఆ ముక్క బయటికొచ్చింది. బొంగురుగా వచ్చింది, అయినా సరైన స్థాయిలోనే వచ్చింది. ఆపింది. లోలోపల మళ్ళీ నడిపించుకుని, మళ్ళీ ఊపిరి తీసుకునే చోట అందుకుంది. అలా పాట మొత్తం పాడింది, తన వంతు మాత్రమే. బయట వినేవాళ్ళకి అది నాలుగు కూనిరాగాలు, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు.

అత్తగారు అమ్మ సంగతి మరిచిపోయి చెవి ఒగ్గింది. "ఇదేం పాట? సగం సగం పాడి ఆపేస్తావు. ముందుదేదీ?"

"ముందుది వేరేవాళ్ళు పాడాలత్తయ్యా."

"రమ్మను మరి వాళ్ళని," అంది ఆవిడ అమాయకంగా. ఆమెకి అప్పుడు ఏడుపొచ్చింది. అత్తగారు కొంగుతో తుడిచి, ఎవరి పిల్లవమ్మా నువ్వు, ఎందుకేడుస్తున్నావు, మీ వాళ్ళు వస్తారులే అని ఓదార్చింది. ఆ సాయంత్రం ఆమెని ఓదార్చిన మనిషి ఆవిడొక్కతే.

ఎనిమిదిన్నరకి ఆయన వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. కంచం ముందు కూర్చుని, ఎప్పటిలాగే కచేరీ అంతా చెప్పుకొచ్చాడు. ఆ విషయంలో ఆయన ఏ లోటూ చెయ్యడు. ఆమె చూడనివన్నీ ఆయన చూసి చెబుతాడు.

"ముసలావిడే కానీ, గొంతు అబ్బో. ఒకటే ఇబ్బంది, మధ్య మధ్యలో ఆగిపోతోంది. పంక్తి చివర ఒక్క క్షణం నిశ్శబ్దం. మరిచిపోయిందేమో అనుకున్నాం. మొదటి పాట అయ్యాక తనే నవ్వి చెప్పింది. ఈ ఖాళీల్లో అందుకోవడానికి నాకొక పిల్ల ఉండేది, రెండో గొంతు అని పిలిచేదాన్ని, పెళ్ళయి ఈ ఊరే వచ్చిందని విన్నాను, అందుకే చివరి పాట ఇక్కడ పెట్టుకున్నాను. వచ్చి ఉంటే ఉన్నచోటి నుంచే అందుకోమ్మా, అంది." ఆయన ముద్ద ఆపి, కూర గిన్నె ఇటు జరుపుకున్నాడు. "మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకుంది. ఆ చోటుకి రాగానే ఆగి చూసింది. హాలంతా ఒకటే నిశ్శబ్దం. ఎవరూ అందుకోలేదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను, ఎవరా అని."

"తర్వాత?" అంది ఆమె.

"తర్వాతేముంది, పాడుకుంది పాపం ఖాళీలతోనే. ఏ మహాతల్లో కానీ, ఊళ్ళోనే ఉండి ఆ మాత్రం రాలేకపోయిందంటే ఏమనాలి చెప్పు. మనుషులు అంతే. ఇంకాస్త కూర వెయ్యి."

ఆమె కూర వేసింది. ఆ మహాతల్లిని నేనే అనడానికి నోటిదాకా వచ్చింది. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. అయ్యయ్యో అంటాడు. నిజంగానే నొచ్చుకుంటాడు. రేపు స్నేహితుడికి చెబుతాడు, వాళ్ళిద్దరికీ అది ఎన్నాళ్ళైనా చెప్పుకునే కథవుతుంది. ఆమె గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే ఎడిటర్ పిలిచాడు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ నెమ్మదస్తుడు, కోపం వచ్చినా కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"ఈవారం మేడం, ఏంటండీ ఇది? హాలు సెక్రటరీ ఫోను చేశాడు. మూడింటికి కచేరీ ఏంటండీ? ఎవరైనా వస్తారా ఆ వేళకి?"

"ముప్పై నాలుగు మంది వచ్చారండీ."

"మీకెవరు చెప్పారు?"

"ముప్పై అయిదో మనిషిని నేను."

ఆయన కళ్ళజోడు తుడవడం ఆపాడు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నించి, కుదరక, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "సరే, అయిపోయిన కార్యక్రమానికి సవరణ వేసి లాభం లేదు. ఫైల్లోకి ఒక సంజాయిషీ రాసివ్వండి, రెండు లైన్లు చాలు. పని ఒత్తిడి వల్ల పొరపాటు జరిగింది, ఇకముందు జరగదు అనండి. మిగతాది నేను చూసుకుంటాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కదా."

ఆయన మంచికే చెప్పాడు. ఆమె తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. బల్ల మీద అప్పటికే ఒక కవరుంది, వచ్చే శుక్రవారం నాటకానికి, ఆమె పేర రెండు పాసులు. అది ఆరున్నరకే. మామూలుగా చెయ్యి దానంతటదే ఆ కవరు తీసి బ్యాగులో వేసేది. ఇవాళ వెయ్యలేదు. తెల్లకాగితం ఒకటి తీసుకుంది. పని ఒత్తిడి వల్ల అని మొదలుపెట్టి కొట్టేసింది. ఇంకో కాగితం తీసుకుని, ఊరందరి కార్యక్రమాలూ రాసే ఆ గుండ్రటి చేతిరాతతోనే, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసింది. రాశాక పద్ధతి ప్రకారం మొదటి నుంచీ ఒకసారి పైకి చదువుకుంది.

'ఎడిటర్ గారికి. కచేరీ ఆరున్నరకని నేను స్పష్టంగానే విన్నాను. మూడింటికని రాశాను. పని ఒత్తిడి కారణం కాదు. నేను వెళ్ళగలిగే వేళ అదొక్కటే. ఇకముందు జరగదని చెప్పలేను. జతపరచినవి: వచ్చే శుక్రవారం పాసులు రెండు. వీటిని మా ఇంటికి పంపవద్దు.'